తాతా, టాటానా? పసిపిల్లల ముచ్చట్లు రాసిపెట్టుకోవడం గురించి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకు 14 నెలలు. ఫోనులో 11 వేల ఫోటోలున్నాయి, నోటుపుస్తకంలో ఒక్క అక్షరం లేదు. మీరు ఆఫీసులో ఉన్న సమయంలో, పాపను చూసుకోవడానికి వచ్చి ఉన్న మీ అత్తగారి ముందు మొదటి అడుగు వేసింది. ఈ సంక్రాంతికి అమలాపురం దగ్గర మీ అత్తవారి ఊరు వెళ్తున్నారు, "ఆ జ్ఞాపకాలనైనా పద్ధతిగా దాచుకోవాలి, ఎలా?" అని అడిగారు. ఆ "అయినా"లోనే మీ దిగులంతా ఉంది. కాబట్టి ముందు అడుగు సంగతి తేల్చుకుందాం, పండగ సంగతి తర్వాత.

నేను 31 ఏళ్లు ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకంలో, పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం అంగన్‌వాడీ సూపర్‌వైజరుగానే. "బిడ్డ ఎప్పుడు నడిచింది?" అని కొన్ని వందల మంది తల్లులను అడిగి ఉంటాను. తేదీ చెప్పినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "అట్లతద్దికి రెండు రోజుల ముందు", "మా మరిది పెళ్లిచూపుల నాడు", "తుఫానుకు వారం రోజులు కరెంటు పోయింది చూడండి, అప్పుడు" అనేవాళ్లు. పంచాంగం ముందు పెట్టుకుని వాటిని నెలల్లోకి మార్చుకోవడం నా పని. ఎగతాళిగా చెప్పడం లేదు. బిడ్డ నడిచిన రోజున ఇంట్లో ఇంకేం జరుగుతోందో వాళ్లకు గుర్తుంది, అంకె ఒక్కటే గుర్తులేదు. ఇప్పటి తల్లుల సంగతి దీనికి తలకిందులు. ప్రతి ఫోటో వెనకా ఫోను తేదీ, గంట, నిమిషంతో సహా రాసిపెట్టింది, ఆ రోజు ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఎక్కడా లేదు. మీరు చేయవలసిందల్లా ఈ రెంటినీ ఒకచోట చేర్చడమే.

మొదటి అడుగు అనేది ఒక్క క్షణంలో జరిగిపోయే ఘట్టమని, ఆ క్షణంలో మనం లేకపోతే అంతా అయిపోయినట్టేనని ఫోన్లు వచ్చాకే అనుకుంటున్నాం. మన భాష ఎప్పుడూ అలా అనుకోలేదు. తప్పటడుగులు వేయడం వేరు, నడవడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లలను చూసి ఈ దశలకు కొలతలు కట్టినప్పుడు కూడా ఇదే పాటించింది. మనిషినీ వస్తువునూ పట్టుకోకుండా, నిటారుగా, కనీసం అయిదు అడుగులు వేస్తేనే "సొంతంగా నడిచింది" అని రాసుకున్నారు. మీ అత్తగారు చూసింది, మీరు రాసిన ప్రకారం, సోఫా నుంచి టీపాయి దాకా రెండడుగులు. ఆ తర్వాత ఆదివారం మీరు చూసింది హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి. లెక్క ప్రకారం మొదటి నడక చూసింది మీరే. ఈ మాట అత్తగారితో అనకండి! నోటుపుస్తకంలో మాత్రం రెండూ రాయండి, ఏది ఎవరు చూశారో పేరుతో సహా.

మనవాళ్లు ఈ దశల పట్టికను ఎప్పుడో వంటింట్లో రాసి పెట్టారు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలుకులు పలికితే చిలకలు. ఇంటింటికీ ఒకటి రెండు మారతాయి గానీ ప్రాస తప్పదు. నాకు ఇందులో నచ్చేది తీపి కాదు. వండినవి వీధంతా పంచుతారు కాబట్టి వీధంతా సాక్షులవుతారు. తల్లి మరిచిపోయినా "మీ అరిసెలు మా అమ్మాయి పురిటికి వచ్చిన వారమే కదా తిన్నాం" అని పక్కింటావిడ చెబుతుంది. మా అంగన్‌వాడీ రిజిస్టర్లలో సగం నెలలు అలా పక్కిళ్ల సాక్ష్యంతో నిండినవే.

ఆ పట్టిక పక్కన నెలలు వేసుకోవాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు ఇవి: ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, దోగాడటం 5.2 నుంచి 13.5, సొంతంగా నిలబడటం 6.9 నుంచి 16.9, నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. ఎంత వెడల్పు గడువులో చూడండి. వందకు నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద దోగాడకుండానే లేచి నడిచేశారు. ఎదురు ఫ్లాటు బాబు పది నెలలకే నడిచాడని మీరు రాశారు, దాన్ని మీ నోటుపుస్తకంలో మాత్రం రాయకండి. పాప నెలలు నిండకుండా పుట్టి ఉంటే, రెండేళ్లు వచ్చేవరకు పుట్టిన తేదీ నుంచి కాకుండా పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కించండి.

ఇది ముచ్చట కోసమే కాదు. డాక్టరు అడిగే ప్రశ్నలకు జవాబు కూడా ఇందులోనే ఉంటుంది. 18 నెలలు నిండినా నడవకపోయినా, 16 నెలలకు అర్థమున్న మాట ఒక్కటీ రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి సొంతంగా అనలేకపోయినా ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన మాటలు పోవడం. పిలిస్తే తిరిగి చూసే బిడ్డ చూడటం మానేయడం, ఉన్న నాలుగు మాటలూ రెండుకు తగ్గడం ఏ వయసులో కనిపించినా ఆగకూడదు. "ఇంతకుముందు అనేది, ఇప్పుడు అనడం లేదేమో" అనే అనుమానాన్ని ఇంట్లో అందరూ కొట్టిపారేస్తారు. ఫలానా తేదీకి ఈ ఆరు మాటలూ అనేది అని కాగితం మీద ఉంటే ఎవరూ కొట్టిపారేయలేరు. టీకాల తేదీలున్న తల్లీబిడ్డల రక్షణ కార్డును మాత్రం జ్ఞాపకాల పెట్టెలో పెట్టకండి. అది ఇంకా పనిలో ఉన్న కాగితం. ఫోటో తీసి ఉంచుకుని, అసలును చేతికి అందేచోట పెట్టండి.

ఎత్తు గురించి ఒక్క మాట, ఇందులో చాలామంది పొరపాటు పడతారు. రెండేళ్లలోపు పిల్లల పొడవును పడుకోబెట్టి కొలవాలి, ఆ తర్వాతే నిలబెట్టి. ఒకే బిడ్డను రెండు విధాలా కొలిస్తే పడుకోబెట్టినప్పుడు 0.7 సెంటీమీటరు దాకా ఎక్కువ వస్తుంది. తేడా తెలియక "పాప తగ్గిపోయింది" అని కంగారుపడుతూ మా కేంద్రానికి వచ్చిన తండ్రులున్నారు. కాబట్టి గుమ్మం మీద గీతలు రెండో పుట్టినరోజు నుంచి మొదలుపెట్టండి. అద్దె ఇల్లయితే గుమ్మం మనతో రాదు. వడ్రంగి దగ్గర ఆరడుగుల చెక్క బద్ద ఒకటి కోయించుకుని గోడకు ఆనించి పెట్టుకోండి. ఇల్లు మారితే అదీ మారుతుంది.

ఇప్పుడు నోటుపుస్తకం. అంగడిలో దొరికే అందమైన శిశువు పుస్తకాలు కొనవద్దని చెబుతాను. వాటిలో "నా మొదటి చిరునవ్వు" అని ఒక గడి ఉంటుంది, అది నిండకపోతే తల్లి తప్పు చేసినట్టు చూస్తుంది. రెండు గడులు ఖాళీగా ఉండిపోయాయని పుస్తకం మొత్తం అటకెక్కించినవాళ్లు నాకు తెలుసు. మామూలు గీతల పుస్తకం, గట్టి అట్టది చాలు. రోజూ రాయాలని నియమం పెట్టుకోకండి, పదకొండో రోజుకు మానేస్తారు. ఏదైనా జరిగిన రోజున, ఆ రాత్రే, నాలుగు వరుసలు. తేదీ, పాప వయసు. ఏం జరిగింది. పాప ఏం అంది, ఉన్నది ఉన్నట్టు. దగ్గర ఎవరున్నారు, ఆ రోజు ఇంట్లో సంగతి ఏమిటి. మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. మా మనవడి గురించి అది రాసుకునే పుస్తకంలోంచి, అడిగి, ఒకటి ఇస్తున్నాను:

"9.3.2025, ఆదివారం. 17 నెలలు. పొద్దున కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే వీడు పైకి చూసి 'ఫాను జో' అన్నాడు. నేను, పక్కింటి ఆంటీ ఉన్నాం. అప్పటి నుంచి ఆగినవన్నీ జో. ఆటో జో, కుక్క జో, తలుపు జో. రాత్రి వీడు మాత్రం పదకొండింటి దాకా జో కాలేదు."

ఆ రోజు అది తీసిన ఫోటోలు కూడా ఉన్నాయి. పిల్లవాడు నోరు తెరుచుకుని పైకి చూస్తుంటాడు, అంతే. ఎందుకు చూస్తున్నాడో ఈ నాలుగు వరుసలు లేకపోతే రెండేళ్ల తర్వాత దానికే తెలియదు.

అందుకే, అన్నిటికంటే ముందు మాటలు రాయండి అంటాను. నడక తేదీ పోతే పోయింది, ఫోటోలను బట్టి నెల తెలుసుకోవచ్చు. మాట అలా దొరకదు. రాసేటప్పుడు తెలుగు అక్షరాల్లోనే రాయండి. ఇది భాషాభిమానం కొద్దీ చెప్పేది కాదు. మనవడి మొట్టమొదటి మాటను మా అమ్మాయి తొందరలో ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టుకుంది. ఆ నాలుగు అక్షరాలను తాత అనీ చదవవచ్చు, టాటా అనీ చదవవచ్చు. మా ఆయన అది తాతే అంటారు. మా అల్లుడు, ఆ సమయంలో తాను ఆఫీసుకు వెళ్తూ చెయ్యి ఊపుతున్నానని, కాబట్టి టాటాయే అని అంటాడు. మా ఇంట్లో ఈ వ్యాజ్యం ఏడాదిగా నడుస్తోంది, తీర్పు చెప్పగలవాడు ఇప్పుడు రెండూ బాగానే పలుకుతున్నాడు.

పాప పలికినట్టే రాయాలి, దిద్దకూడదు. మా పెద్దబ్బాయి చెప్పులను "పెచ్చులు" అనేవాడు. నేను ఒక పాత డైరీలో రాసుకున్నాను కాబట్టి అది మిగిలింది. ఆ పెచ్చులు ఏ రోజున చెప్పులయ్యాయో మాత్రం నా దగ్గర లేదు. బెంగళూరు మనవడు వద్దు అనడానికి "బేడ" అంటాడు, పార్కులో నేర్చుకున్న కన్నడ ముక్క. మా ఆయనకు మొదట మనసు చివుక్కుమంది. నేను మాత్రం అదీ రాయమన్నాను. ఎక్కడ పెరిగాడో ఆ ఒక్క మాట చెబుతుంది. మీ హైదరాబాదు పాపకూ రేపు హిందీ ముక్కలు పడతాయి, తీసేయకండి.

ఈ పని చేసినవాళ్లలో అందరికీ తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, చార్లెస్ డార్విన్. 1839 డిసెంబరులో పుట్టిన మొదటి కొడుకు గురించి రోజుల లెక్కతో రాసుకున్నాడు. ఏడో రోజున అరికాలికి కాగితం ముక్క తగిలిస్తే కాలు వెనక్కి లాక్కున్నాడని, సరిగ్గా ఏడాది నిండేసరికి తిండికి "మమ్" అని సొంతంగా పేరు పెట్టుకున్నాడని. మన బువ్వకు దూరపు చుట్టమన్నమాట. ఆ కాగితాలను 37 ఏళ్లు అలాగే ఉంచి 1877లో ఒక వ్యాసంగా ప్రచురించాడు. అంత కాలం తర్వాత కూడా పనికొచ్చాయంటే కారణం, "చాలా త్వరగా స్పందించాడు" అని కాకుండా ఏ రోజున, దేనితో, ఏం చేశాడో రాసుకోవడం. "పాప చాలా అల్లరి చేసింది" అని రాసిన వరుస రేపు మీకు ఏమీ చెప్పదు. "బియ్యం డబ్బాలో మీ వారి తాళాలు దాచింది" అని రాస్తే చెబుతుంది.

గడిచిన 14 నెలలు పోయాయని అనుకోకండి. మీరు రాయలేదంటున్నారు గానీ నిజానికి రాశారు, వేరే చోట. వాట్సాప్‌లో మీ అమ్మగారితో మాట్లాడుకున్న సందేశాలు తెరిచి "బోర్లా", "పన్ను", "పాకింది", "జ్వరం" అని ఒక్కొక్క మాటా వెతకండి. తేదీతో సహా బయటికి వస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునే అలవాటుంటే అలా కూడా వెతకండి. టీకాల కార్డులో ఆరు, పది, పధ్నాలుగు వారాల తేదీలు, తొమ్మిదో నెల తేదీ ఉంటాయి. ఆ నాలుగు రోజులూ మేకుల్లాంటివి, మిగతావి వాటికి తగిలించవచ్చు: "మూడో సూదికి వెళ్లినప్పుడు మెడ నిలబెట్టిందా?" అని మీ వారిని, అత్తగారిని అడగండి. ఇద్దరూ రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. కచ్చితంగా తెలియని చోట "సుమారుగా" అని పెట్టండి. గర్భంలో ఉన్నప్పటి స్కానింగ్ బొమ్మలు ఆ నిగనిగలాడే పలచని కాగితం మీద ఉంటే మాత్రం ఈ వారమే ఫోటో తీయండి. వేడితో అచ్చయ్యే కాగితం అది, బస్సు టికెట్టులాగే కొన్నేళ్లకు తెల్లబడిపోతుంది.

ఫోటోల మీద ఎక్కువ చెప్పను. 11 వేలూ సర్దుదామని కూర్చుంటే ఆ పని జన్మలో కాదు. నెలకు పది చొప్పున ఏరండి, 14 నెలలకు 140. మూడు సాయంత్రాల పని. మిగతావి తుడిచేయనక్కర్లేదు, అవి గాదె అనుకోండి. ఏరేటప్పుడు నవ్వు మొహాలే ఏరకండి. అన్నం మొహమంతా పూసుకున్నది, ఎవరి వేలో పట్టుకుని నిద్రపోయింది, మీ అత్తగారి చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడ్డది తీయండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చిన్నదైపోతుంది, తీసిన తేదీ కూడా అందులోంచి పోతుంది. అందుకని అత్తగారి ఫోనులో ఉన్నవాటిని డాక్యుమెంటుగా పంపించుకోండి, లేదా తీగతో నేరుగా కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. ఫైలు పేరులో ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు పెడితే వాటంతట అవే వరుసలో నిలబడతాయి. మూడు ప్రతులు ఉండాలి: ఒకటి ఫోనులో, ఒకటి హార్డు డిస్కులో, ఒకటి ఈ ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా. గూగుల్ ఫోటోస్ లెక్క లేకుండా ఉచితంగా దాచిపెట్టడం 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడిచ్చే 15 జీబీలో మీ మెయిళ్లు కూడా ఇరుక్కుని ఉంటాయి. ఏరిన 140ని అచ్చు వేయించండి. నాలుగు బై ఆరు అంగుళాల అచ్చుకు 1200 బై 1800 పిక్సెళ్లుంటే చాలు. జిగురు పేజీ మీద ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బములు వద్దు, నా పెళ్లి ఫోటోలు అందులోనే పసుపు పట్టాయి. జేబుల్లో దూర్చే రకం తీసుకోండి.

గొంతుల సంగతి వేరే చెప్పాలి. 1988లో మా పెద్దవాడి చేత మా నాన్న అంకెలు చెప్పిస్తుంటే టేపురికార్డరులో పట్టాం. ఆ క్యాసెట్టును అపురూపమని ఇనప్పెట్టెలో, అన్నిటికీ అడుగున పెట్టాను. అంత భద్రంగా దాచిందాన్ని ఇరవై ఏళ్లు ఎవరూ తీసి చూడలేదు. చూసేసరికి బూజు. ఒక దుకాణంలో శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కిస్తే గంటలో నాలుగు నిమిషాలు మిగిలాయి. వాడు ఏడు తర్వాత తొమ్మిది అంటాడు, నాన్న నవ్వబోయి దగ్గుతారు, వెనక ఎక్కడో వంటింట్లోంచి మా అమ్మ "పాలు పొంగుతున్నాయి, ఎవరూ చూడరేం!" అని కేకేస్తుంది. అప్పట్లో ఆ కేకకు రికార్డింగు పాడైందని విసుక్కున్నాను. ఇప్పుడు ఆ నాలుగు నిమిషాలూ పెట్టుకునేది ఆ కేక కోసమే. కాబట్టి వీడియో తీసేటప్పుడు "అందరూ మాట్లాడకండి" అని ఎవరి నోరూ మూయించకండి. ఎక్కడ దాచినా ఏడాదికి ఒకసారి, పాప పుట్టినరోజునాడు, తెరిచి పనిచేస్తోందో లేదో చూడండి.

ఇక పండగ. మూడు రోజులూ ఫోను అడ్డం పెట్టుకుని తిరిగితే పండగ చూసింది ఫోను, మీరు కాదు. రోజుకు మూడు వీడియోలు, ఒక్కొక్కటి నిమిషం అని గిరి గీసుకోండి. ఒక్క భోగిపళ్లకు మాత్రం సడలింపు. అప్పుడు పాప మీ ఒళ్లో ఉంటుంది, కాబట్టి ఫోను మీ చేతిలో ఉండకూడదు. మీ మరిదికో ఆడపడుచుకో ఇచ్చి, నేల మీద కూర్చుని, గది మొత్తం వచ్చేలా తీయమనండి. పాప మొహం ఒక్కటే నిండుగా తీస్తే ఏడుస్తున్న మొహం వస్తుంది. నెత్తి మీద రేగిపళ్లు కుమ్మరిస్తే ఏ బిడ్డయినా ఏడుస్తుంది. వెనక్కి జరిగి తీస్తే దిష్టి తీస్తున్న పెద్దమ్మ, పాట ఎవరు మొదలుపెట్టాలో తేలక ఒకరినొకరు చూసుకుంటున్న పేరంటాళ్లు, కిందపడ్డ నాణేల కోసం కొట్టుకుంటున్న పిల్లలు, అందరూ వస్తారు. ఒక హెచ్చరిక: 14 నెలల పిల్ల దొరికింది నోట్లో పెట్టుకుంటుంది. రేగి గింజలు, శనగలు, నాణేలు గొంతుకు అడ్డం పడే సైజే. పళ్లు పోయగానే చాప దులిపే బాధ్యత ఒకరికి ముందే అప్పగించండి. తెల్లవారుజామున భోగిమంట పొగకు కూడా పాపను దూరంగానే ఉంచండి.

ఇంకో సంగతి. మా ఆల్బముల్లో మా ఆయన లేరు, ఎందుకంటే కెమెరా ఆయన చేతిలో ఉండేది. పిల్లలు పెద్దయ్యాక "నాన్న ఊళ్లో లేరా?" అని అడిగారు. మీ 11 వేల ఫోటోల్లో మీరు ఎన్నింటిలో ఉన్నారో ఒకసారి చూసుకోండి. జుట్టు సరిగా లేదని, నైటీలో ఉన్నానని తప్పించుకోకండి.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పాపను తీసుకెళ్లాలా అని అడిగారు. వెదురు చట్రాలకు రంగుల గుడ్డలు కట్టి భుజాల మీద మోసుకొచ్చే పదకొండు ప్రభలు, అంటే పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ఒకచోట చేరే చోటు అది. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటేటప్పుడు ఆ జనం, ఆ బాణసంచా చప్పుడు పెద్దవాళ్లకు పండగ, పసిపిల్లకు భయం. మీరు, మీ వారు వంతులు వేసుకుని వెళ్లండి. పాపను మాత్రం ప్రభ బయలుదేరే ఊళ్లోనే, మధ్యాహ్నం ఎండ ముదరకముందు, దూరం నుంచి చూపించండి. రంగుల గుడ్డలు చూసి ఏమంటుందో రాసుకోవడానికి అది చాలు.

పండగ ఫోటోల్లో మనం చేసే పెద్ద పొరపాటు మనుషులనే తీయడం. మా పుట్టింటిని అమ్మేసి ఇరవై ఏళ్లయింది. ఆ ఇల్లు ఇప్పుడు మా ఫోటోల్లో ఎవరి భుజం వెనకో రెండు కిటికీ ఊచలుగా మిగిలింది. ఒక పొద్దున్న, ఎవరూ లేవకముందు, అత్తవారింటి వసారా, నుయ్యి, పెరట్లో గిన్నెలు తోమే బండ, పొయ్యి, వీధి గుమ్మం, మనుషులు లేకుండా తీసి పెట్టండి. మనుషులందరూ నిలబడ్డ ఫోటో తీసిన రాత్రే ఎడమ నుంచి కుడికి పేర్లు, వరసలతో రాయండి. "పాపకు ఏమవుతారు" అన్నది రాస్తే ఇంకా మంచిది.

మీ అత్తగారిని కూర్చోబెట్టి మీ వారి చిన్నతనం అడగండి. ఆయనకు 30 నిండాయన్నారు. అంటే 1996 నవంబరు 6న కోనసీమను ఊపేసిన తుఫాను నాటికి ఆయన చేతిబిడ్డ. ఆ వైపు కొబ్బరితోటలన్నీ నేలకొరిగిన రాత్రి అది, తెలియని ఇల్లుండదు. ఆ రాత్రి బిడ్డను ఎక్కడ పడుకోబెట్టారు, పాలు ఎలా దొరికాయి, అప్పటికి నడుస్తున్నాడా అని అడిగి ఫోను బల్ల మీద పెట్టి వదిలేయండి. తేదీ అడగకండి. తేదీ మనకు తెలుసు.

పాప ఫోటోలు బయటివాళ్లకు కనిపించేలా పెట్టడం మీ ఇష్టం. స్నానం చేయిస్తున్నవి, ఇంటి చిరునామాగానీ ఆసుపత్రి కాగితాలుగానీ కనిపించేవి వద్దు. ఊళ్లో ఉన్నంతకాలం పెట్టకుండా, తిరిగొచ్చాక పెట్టుకోండి.

చివరిగా మీ ప్రశ్నలో లేనిది ఒకటి. పాపకు అడుగుల అరిసెలు చేశారో లేదో రాయలేదు. హైదరాబాదు ఫ్లాటులో పాకం పట్టే తీరిక ఎవరికీ ఉండి ఉండదు. ఫరవాలేదు, సంక్రాంతికి ఊళ్లో ఎలాగూ వండుతారు. మొదటి వాయిలోంచి కొన్ని పక్కకు తీయించి, చల్లారాక చాప మీద వరుసగా పరిచి, పాపను వాటి మీద నడిపించండి. మామగారిని ఎదురుగా పీట మీద కూర్చోబెట్టండి. ఆయన ఇంతవరకు ఆ నడకను ఫోనులో తప్ప చూడలేదు కదా. ఎన్ని అడుగులు వేసిందో అత్తగారిని లెక్కపెట్టమనండి. ఆ రాత్రి నోటుపుస్తకంలో తేదీ వేసి, ఎన్ని అరిసెలు నలిగాయో, నలిగినవి ఎవరు తిన్నారో కూడా రాయండి.